ముద్ర, అంకితము, మకుటము : వచనములు చదువువారు తెలిసికొనదగిన కావ్యపరిభాష

ఏ విద్యకైనను దానిదైన పరిభాష యుండును. సాహిత్యమున ఈ పరిభాష వింతగా నుండును. మాట మనకు తెలిసినదే, అర్థము మాత్రము వేరు. వీధిలో ‘రగడ’ యనిన జగడము. ఛందస్సులో రగడ యనిన చక్కని నడకగల ఒక పద్యజాతి. మఠములో ‘యతి’ యనిన సన్న్యాసి. పద్యములో యతి యనిన అక్షరముల మైత్రి. బడిలో ‘ఉదాహరణము’ అనిన దృష్టాంతము. సాహిత్యమున ఉదాహరణ మనిన ఎనిమిది విభక్తులతో ఇష్టదైవమును కీర్తించు ఒక చిన్న కావ్యము. పాల్కురికి సోమనాథుడు బసవ రగడను రచించెనని విన్న పిల్లవాడు “బసవన్నతో రగడ పెట్టుకొన్న దెవరు?” అని అడిగినచో పెద్దలు నవ్వి యూరకుండరాదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగిన యింటిలోనే పురాణపఠనము నిలుచును.

తెలుగునాటి లింగాయత కుటుంబములకు మరియొక చిక్కు కూడ కలదు. మన పురాణములు తెలుగువి. మనము పఠించు శరణుల వచనములు కన్నడమునుండి వచ్చినవి. రెండు భాషలలోను ఒకే రూపముతో నున్న మాటకు రెండు చోట్లను ఒకే అర్థ మనుకొందుము. అది యన్నిచోట్ల నిజము కాదు. ‘వచనము’, ‘అంకితము’ అను రెండు మాటలే ఇందుకు సాక్ష్యము. ఈ పాఠములో అట్టి కొన్ని పదములను క్రమముగా వివరించుకొందము. వీనిలో ముఖ్యమైనది ‘ముద్ర’. దానిని సరిగా గ్రహింపనిచో వచనము చెప్పిన శరణు డెవరో తెలియదు. ఆయన ఎవరితో పలుకుచున్నాడో అదియు తెలియదు.

1. పదము – ముద్ర

కృష్ణాజిల్లాలో మొవ్వ యను గ్రామము కలదు. నేడది మండల కేంద్రము. నాట్యమునకు పేరొందిన కూచిపూడి ఆ మండలములోనిదే. మొవ్వయందలి గోపాలుని స్మరించుచు శృంగార పదములు చెప్పిన వాగ్గేయకారుడు క్షేత్రయ్య. వాక్కును గేయమును, అనగా మాటను పాటను, రెండింటిని తానే కూర్చువాడు వాగ్గేయకారుడు. క్షేత్రయ్య 17వ శతాబ్దమువాడు. ఆయన మొవ్వ వాస్తవ్యుడనియు, అసలు పేరు వరదయ్య యనియు, పుణ్యక్షేత్రములు తిరుగుటచే క్షేత్రయ్య యను పేరు వచ్చెననియు ఆంధ్రదేశమున ప్రసిద్ధి. తంజావూరి విజయరాఘవనాయకుని ఆదరమును ఆయన పొందెను. ఆయన చెప్పిన పదములు వేలసంఖ్యలో నుండెనని సంప్రదాయము. నేడు దొరకుచున్నవి కొన్ని వందలు మాత్రమే.

ఇక్కడ ‘పదము’ అనునదియే మొదటి పారిభాషిక శబ్దము. వ్యాకరణములో పదమనిన మాట. పల్లె వాడుకలో పదమనిన పాట. సంగీత నాట్యములలో పదమనిన నెమ్మదియైన నడకతో, అభినయమునకు అనువుగా నుండు శృంగార గేయము. దానికి మూడంగములు. మొదట పాడి, మరల మరల తిరిగి వచ్చు భాగము పల్లవి. దానిని అనుసరించి వచ్చునది అనుపల్లవి. పిమ్మట వచ్చు విస్తరము చరణము. జంగమ చరణములకు మ్రొక్కుదు మన్నప్పుడు చరణము పాదము. పాటలో చరణము ఒక భాగము. రెండును ‘నడచుట’ అను భావమునుండి వచ్చినవే.

క్షేత్రయ్య పదములో ‘మువ్వగోపాల’ యను నామము వచ్చును. అదియే ముద్ర. ముద్ర యనిన గుర్తు. ఉత్తరముపై లక్కతో వేసిన గుర్తు పంపినవానిని తెలిపినట్లు, గేయములోని ముద్ర కర్తను తెలుపును. మొవ్వ యను ఊరొకటి కలదని యెరుగని వాడు ‘మువ్వగోపాలుడు’ అనగా కాలి మువ్వలు ఘల్లుమనిపించు గోపాలుడని మాత్రమే అర్థము చెప్పుకొనును. ఆ శబ్దమున ఆ సొంపును ఉన్నది గాని, ముద్రగా అది ఒక గ్రామమును, ఆ గ్రామపు దైవమును, ఆ దైవమును కొలిచిన కవిని మూడింటిని ఒక్కసారిగా తెలుపుచున్నది.

ముద్రలు ముఖ్యముగా రెండు విధములు. కవి తన పేరునే నిలుపుట స్వనామ ముద్ర. త్యాగరాజస్వామి కీర్తనలలో నున్నది ఇట్టిది. తన పేరు చెప్పక ఇష్టదైవము పేరు నిలుపుట ఇష్టదైవ ముద్ర. తాళ్లపాక అన్నమాచార్యుని వేంకటేశ నామము, క్షేత్రయ్య మువ్వగోపాల నామము ఇట్టివి. రెండవ విధములో కవి తన పేరును మరుగుపరచి, తాను శరణు పొందినవాని పేరుతో లోకమునకు తెలియబడుచున్నాడు. ఈ యొక్క విషయమును గట్టిగా పట్టుకొన్నచో పాఠములో సగము తెలిసినట్లే.

2. నాయిక : మాటలాడునది ఎవరు?

పదమును అపార్థము చేసికొనుటకు మరియొక కారణము కలదు. క్షేత్రయ్య పురుషుడు, పదములో ‘నేను’ అని పలుకునది తరచుగా స్త్రీ. ఆమెను నాయిక యందురు. కవి వేరు, నాయిక వేరు. నాయిక పలికిన నిష్ఠురమును కవి స్వంత జీవితమునకు అంటగట్టుట పరిభాష తెలియకపోవుటచే కలిగిన దోషము.

ఆలంకారికులు నాయిక యొక్క స్థితినిబట్టి ఎనిమిది భేదములు చెప్పిరి. ప్రియుడు తన యధీనమున నున్నది స్వాధీనపతిక. ఇల్లు అలంకరించి ఎదురు చూచునది వాసకసజ్జిక. విరహముతో తపించునది విరహోత్కంఠిత. సంకేతస్థలమున ప్రియుడు రాక వంచింపబడినది విప్రలబ్ధ. పరస్త్రీ చిహ్నములతో వచ్చిన ప్రియునిపై కోపించునది ఖండిత. కలహించి పంపివేసి పిదప పశ్చాత్తాపపడునది కలహాంతరిత. దేశాంతరమేగిన భర్తకై పరితపించునది ప్రోషితభర్తృక. తానే ప్రియుని కడకు వెడలునది అభిసారిక. క్షేత్రయ్య పదము వినునపుడు మొదట అడుగవలసిన ప్రశ్న “ఈమె ఏ స్థితిలో నున్నది?” అని. ఆ ప్రశ్న అడిగిన వానికి ఆ పదములలో మనస్సుయొక్క సూక్ష్మమైన కదలికలు కనబడును. అడుగని వానికి అశ్లీలమే కనబడును.

ఈ నాయికాభావము మన శరణ సాహిత్యమునకు క్రొత్త కాదు. ‘శరణసతి – లింగపతి’ యను భావము వచనములలో ప్రసిద్ధము. శరణుడు స్త్రీ యైనను పురుషుడైనను తాను సతి; లింగమే పతి. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునునే భర్తగా వరించి పలికెను. పురుషులైన శరణులును సతీభావమున పలికిన సందర్భములు కలవు. అయినను ఒక భేదమును మరువరాదు. క్షేత్రయ్య పదములో నాయిక కవి సృష్టించిన పాత్ర. అక్క వచనములో పాత్ర వేరుగా లేదు, పలుకునది అక్కయే. ఒకటి అభినయమునకు తగిన రచన, మరియొకటి ఆత్మనివేదనము. రెండింటిని ఒకే కొలతతో కొలువరాదు.

3. అంకితము : తెలుగున ఒకటి, కన్నడమున ఒకటి

తెలుగు సాహిత్యములో ‘అంకితము’ అనిన కావ్యమును ఒకరికి సమర్పించుట. సమర్పణము పొందినవాడు కృతిపతి, లేదా కృతిభర్త. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చెను. నన్నెచోడుడు కుమారసంభవమును తన గురువైన జంగమ మల్లికార్జునునికి అంకితము చేసెను. ఒక రాజకవి తన కృతిని రాజునకు గాక జంగమగురువునకు సమర్పించెనన్నమాట. ఇది శైవ సాహిత్య చరిత్రలో గుర్తుంచుకొనదగిన విషయము. ఇట్టి అంకితము సాధారణముగా కావ్యాదిని అవతారికలోను, ఆశ్వాసాద్యంతముల పద్యములలోను కనబడును.

కన్నడ వచన సాహిత్యములో ‘అంకిత’ మనిన అది కాదు. ప్రతి వచనములోను, సాధారణముగా చివరను, వచ్చు దైవనామమునకే అక్కడ అంకిత మని పేరు. అనగా మనము ముద్ర యనునదే వారికి అంకితము. హరిదాసుల సంప్రదాయములోను ఇదే వాడుక. పురందరదాసుని కీర్తనలలోని ‘పురందర విఠల’ నామము ఆయన అంకితము. కనుక “బసవన్న వచనములు కూడలసంగమదేవ అంకితములు” అను మాటను తెలుగువాడు “బసవన్న తన వచనములను సంగమదేవునకు కృతి యిచ్చెను” అని అర్థము చేసికొన్నచో అది భక్తికి విరుద్ధము కాకపోవచ్చును గాని, అర్థము పూర్తిగా రాలేదు. బసవన్న వచనమని గుర్తించుటకు ఆధారమైన నామము అదియే యని దాని భావము.

కొందరు శరణుల అంకితములను గమనింతము. బసవేశ్వరుని అంకితము కూడలసంగమదేవ. అల్లమప్రభువుది గుహేశ్వర. అక్కమహాదేవిది చెన్నమల్లికార్జున. చెన్నబసవన్నది కూడలచెన్నసంగమదేవ. సొన్నలిగె సిద్ధరాముని అంకితము కపిలసిద్ధమల్లికార్జున. మడివాళ మాచయ్యది కలిదేవరదేవ. ఆయ్దక్కి మారయ్య అంకితము అమరేశ్వరలింగ. ఆయన ధర్మపత్ని లక్కమ్మ అంకితము మారయ్యప్రియ అమరేశ్వరలింగ. భర్త కాయకమున దారి తప్పునపుడు హెచ్చరించిన ఆ యిల్లాలి అంకితములో భర్త పేరు, లింగము పేరు రెండును కలసియున్నవి. పడవ నడుపు కాయకము చేసిన అంబిగర చౌడయ్య మాత్రము తన పేరునే అంకితముగా నిలిపెను. ఇది స్వనామ ముద్ర. కులవృత్తి పేరును దాచుకొనక, దానినే తన వాక్కునకు గుర్తుగా నిలిపిన ధైర్యము ఆ యంకితమున కనబడుచున్నది.

4. ఒక నది వెంట మూడు నామములు

ఈ నామములు ఊరక పుట్టినవి కావు. నేలతో ముడిపడి పుట్టినవి. కృష్ణానది వెంట నడచి చూచినచో ఈ సంగతి తేటపడును. కర్ణాటకమున మలప్రభ కృష్ణలో కలియుచోట కూడలసంగమ క్షేత్రము కలదు. కూడల యనినను సంగమ మనినను కలయిక యే. బసవన్న విద్యాభ్యాసము చేసినది, ఐక్యము పొందినది అచ్చటనే యని సంప్రదాయము. ఆయన యంకితము ఆ స్థలమునుండి వచ్చినది.

అదే నది తూర్పునకు వచ్చి శ్రీశైలపు కొండలను ఒరసికొని పారును. అక్కడి మల్లికార్జునుడు అక్కమహాదేవి యంకితమున చెన్నమల్లికార్జును డయ్యెను. చెన్న యనిన చక్కనైన. కన్నడదేశమున పుట్టిన ఆమె తాను వలచిన స్వామిని వెదకుచు శ్రీశైలమున కదళీవనమునకు చేరి అక్కడ ఐక్యమయ్యెనని చెప్పుదురు.

ఆ నదియే ఇంకను దిగువకు వచ్చి, చీలి, దివిసీమను చుట్టి సముద్రమున కలియును. ఆ దిగువ డెల్టాలోనిదే మొవ్వ. 12వ శతాబ్దపు శరణుల వాక్కునకును, 17వ శతాబ్దపు శృంగార పదకర్త వాక్కునకును మతమున, రీతిన, ఉద్దేశమున ఎంతో దూరము కలదు. ఐనను తన పేరు మాని తనవాడైన దైవము పేరుతో, అందును ఒక ఊరి దైవము పేరుతో, మాటకు గుర్తు వేసికొను పద్ధతి రెండింటికి ఒక్కటే.

5. మకుటము – వ్యాజస్తుతి

ముద్రతో పొరపాటు పడు మరియొక మాట మకుటము. మకుటమనిన కిరీటము. శతకములో ప్రతి పద్యము చివర మార్పు లేకుండ వచ్చు సంబోధన భాగమునకు ఆ పేరు. శతకములోని పద్యములు ముక్తకములు. అనగా ఒకదానిపై నొకటి ఆధారపడక విడివిడిగా అర్థమిచ్చునవి. దండలో పూలు వేరైనను దార మొక్కటియైనట్లు, ఆ ముక్తకములను కలుపునది మకుటము. సోమనాథుని వృషాధిప శతకమున ప్రతి పద్యము బసవనామమును మరల మరల పిలిచి వృషాధిపుని సంబోధనతో ముగియును.

దివిసీమలోని పెదప్రోలు వాస్తవ్యుడైన కాసుల పురుషోత్తమకవి కృష్ణాతీరమునందలి శ్రీకాకుళ క్షేత్రస్వామిపై ఆంధ్రనాయక శతకమును సీసపద్యములలో చెప్పెను. సీసము వెంట వచ్చు గీతపద్యము చివర శ్రీకాకుళాంధ్రదేవుని సంబోధనము మకుటముగా నుండును. ముద్రకును దీనికిని భేదము సులభము. ముద్ర కర్తను గుర్తింపజేయును. మకుటము కృతిని గుర్తింపజేయును. పురుషోత్తమకవి మరియొక శతకము వ్రాసినపుడు మకుటము మారెను. బసవన్న వచనములు ఎన్నియున్నను అంకితము మారదు.

ఆంధ్రనాయక శతకము వ్యాజస్తుతికి పేరుపొందినది. పైకి నిందవలె కనబడి లోపల స్తుతియగుట వ్యాజస్తుతి. దీనినే నిందాస్తుతి యనియు వాడుదురు. స్వామిని ఎత్తిపొడిచినట్లు పలికి ఆయన మహిమనే వెల్లడించుట కవి నేర్పు. మన బసవపురాణములో బెజ్జ మహాదేవి శివునకు తల్లి లేదుగదా యని జాలిపడి, తానే తల్లియై సాకిన కథ కలదు. తల్లి లేని వాడనుట పైచూపునకు కొరతగా దోచును. అయినను దానిని వ్యాజస్తుతి యనరాదు. వ్యాజస్తుతిలో పలుకువానికి తాను చేయు చమత్కారము తెలియును. బెజ్జ మహాదేవికి చమత్కారము తెలియదు, నిజముగనే జాలిపడెను. అది ముగ్ధభక్తి. ఒకటి కవి యొక్క ఉపాయము, రెండవది పాత్ర యొక్క హృదయము.

ముద్ర, మకుటము ఒకటే అగు సందర్భమును కలదు. వేమన పద్యములలో చివరి పాదమున వేమన నామము వచ్చును. అది పద్యములన్నిటికిని మకుటము. కర్త పేరు గనుక ముద్రయు నదియే. ఇందువలన ఒక హానియు కలిగినది. ఎవరు పద్యము చెప్పినను ఆ చివరి పాదమును తగిలించినచో వేమన పద్యమై చెలామణి యయ్యెను. కనుక ముద్ర గొప్ప ఆధారమే గాని ఒంటరి ఆధారము కాదు. భాష, భావము, తాళపత్ర ప్రతులు కూడ దానిని బలపరచవలెను.

6. గణము – యతి – ప్రాస – ద్విపద

పేర్లకు సంబంధించిన మాటలను చూచితిమి. ఇక నడకకు సంబంధించిన వానిని చూతము. ‘గణము’ అనిన మనకు ప్రమథగణములు తోచును. ఛందస్సులో గణమనిన అక్షరముల గుంపు. హ్రస్వాక్షరము లఘువు, దీర్ఘము, సున్న గలది, తరువాత జంటహల్లు గలది గురువు. పలుకుటకు లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రల కాలము పట్టును.

సోమనాథుడు బసవపురాణమును ఏడు ఆశ్వాసములుగా, పండితారాధ్య చరిత్రమును ఐదు ప్రకరణములుగా ద్విపదలో రచించెను. ద్విపద యనిన రెండు పాదములది. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణపు మొదటి యక్షరము పాదపు మొదటి యక్షరముతో పొందికగా నుండవలెను, ఇది యతి. రెండు పాదముల రెండవ యక్షరములు ఒకే హల్లు గలవిగా నుండవలెను, ఇది ప్రాస. పిల్లలు పాదాంతమున కుదిరిన మాటలను ప్రాస యందురు, అది అంత్యప్రాస. తెలుగు ఛందస్సున ప్రాస యని ఊరక అన్నప్పుడు అది పాదములోని రెండవ యక్షరమునకు సంబంధించినది.

అభ్యాసముకొరకు ఈ పాఠమునకే కూర్చిన ద్విపద నొకదానిని చూడుడు :

చేతితో పనిచేసి చెమటోడ్చువాడు
నీతితో బ్రతుకుచు నిలుకడ గాంచు

మొదటి పాదమున గణములు : చేతితో – పనిచేసి – చెమటోడ్చు – వాడు. మూడవ గణము ‘చె’తో మొదలగుచున్నది, పాదము ‘చే’తో మొదలైనది. యతి కుదిరెను. రెండవ పాదమున ‘నీ’కి ‘ని’ కుదిరెను. రెండు పాదములలోను రెండవ యక్షరము ‘తి’, ప్రాస కుదిరెను. ఈ పద్ధతిని ఒకసారి వ్రేళ్లపై లెక్కించిన పిల్లవాడు బసవపురాణపు ద్విపదను తానే విడదీసి చదువగలడు. ప్రాస లేక యతి మాత్రమే గల ద్విపదకు మంజరి యని పేరు.

పండితులకు ఇష్టమైన వృత్తములను కాదని సోమనాథుడు ద్విపదను చేపట్టుటకు కారణము కలదు. అది గుంపుగా కూర్చుండి పాడుకొనుటకు, విని జ్ఞాపకముంచుకొనుటకు తగినది. అచ్చమైన వాడుక పలుకుబడి గల తెలుగునకు శివకవులు ‘జానుతెనుగు’ అని పేరుపెట్టిరి. ఆ తెలుగునకు ద్విపద తగిన వాహనము. ఆ గ్రంథమునే ఆధారము చేసికొని భీమకవి 1369లో కన్నడమున బసవపురాణము వ్రాసెను. అతడు ఎన్నుకొన్నది షట్పది. షట్పద మనిన తుమ్మెద, దానికి ఆరు కాళ్లు. షట్పది యనిన ఆరు పాదముల పద్యము. కన్నడశరణుని కథ తెలుగు ద్విపదమై, ఆ ద్విపద మరల కన్నడ షట్పదియై స్వదేశమునకు చేరెను.

7. రగడ – ఉదాహరణము – వచనము

రగడ మాత్రల కొలతతో నడచునది. పాదములు జంటలుగా సాగును, ప్రాసలు పొదిగియుండును. గతిభేదమును బట్టి దానికి హయప్రచారము, తురగవల్గనము, హరిణగతి, ద్విరదగతి, వృషభగతి మొదలగు పేర్లు కలవు. గుఱ్ఱము, లేడి, ఏనుగు, ఎద్దు నడచు తీరులే ఆ పేర్లలో నున్నవి. వృషభగతిలో మూడు మాత్రలు, నాలుగు మాత్రలు మార్చి మార్చి నాలుగుసార్లు వచ్చి పాదమునకు 28 మాత్రలగును. వృషభ శబ్దమునుండి పుట్టినదే బసవ శబ్దము. కన్నడమున హరిహరుడు శరణుల చరితములను ఈ జాతికే చెందిన రగళెలలో వ్రాసెను. బసవరాజదేవర రగళె వానిలో నొకటి.

ఉదాహరణమున మొదటి విభక్తినుండి సంబోధనవరకు ఎనిమిది విభక్తులకు ఎనిమిది వృత్తము లుండును. ప్రతి వృత్తమునకు వెంట రగడ నడకలో కళిక, దానికంటె చిన్న నడకతో ఉత్కళిక వచ్చును. “బసవడు, బసవని, బసవనిచేత, బసవనికొరకు” అని వ్యాకరణములో పిల్లలు వల్లించు క్రమమే అక్కడ స్తోత్రమైనది. సోమనాథుని బసవోదాహరణము ఈ కోవకు చెందినది.

ఇక వచనము. తెలుగు చంపూకావ్యములలో పద్యముల నడుమ వచ్చు గద్యమునకు వచనమని పేరు. ఆధునిక కాలమున ఛందస్సు లేని కవితకు వచనకవిత యని పేరు వచ్చెను. శరణుల వచనము ఈ రెండును కాదు. అది గద్యము వలె కథను నడపదు. పద్యమువలె గణములకు లోబడదు. ఊపిరికి తగిన విరుపులు, సమానమైన వాక్యముల జోడింపు, పోలికలు, చివర అంకితము – ఇవి దాని యంగములు. ప్రతి వచనము ముక్తకమువలె తనంత తాను నిలుచును. ‘వచనము’ అనిన మాట యనియే గాక ‘ఇచ్చిన మాట’ అనియు అర్థము కలదు. పలికిన మాటను నడతలో నిలుపవలెనను శరణుల నియమమునకు ఆ పేరు తగియున్నది.

8. అంకితము మారినచో

ఇంతవరకు తెలిసికొన్నదానిని ఒక నిజమైన వివాదమునకు అన్వయించి చూతము. మాతె మహాదేవి 1996లో ప్రకటించిన ‘బసవ వచన దీప్తి’ యను కన్నడ గ్రంథమున బసవన్న వచనములలోని కూడలసంగమదేవ అంకితమునకు బదులు లింగదేవ యను నామము ఉంచబడెను. దానిపై శరణసమాజమున తీవ్రమైన వ్యతిరేకత పుట్టెను. కర్ణాటక ప్రభుత్వము 1998లో ఆ గ్రంథమును నిషేధించెను. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు వెళ్లెను; 2017లో ఆ న్యాయస్థానము నిషేధమును సమర్థించెను. ఆ మార్పును కోరినవారి మతవిశ్వాసముతోను, పుస్తకములను నిషేధించుట యుక్తమా కాదా యను చర్చతోను ఈ పాఠమునకు పనిలేదు. పరిభాష ఏమి చెప్పుచున్నదో అదియే మనకు ప్రస్తుతము.

“దేవుడొక్కడే గదా, పేరు మారినంతమాత్రమున లోపమేమి?” అని కొందరు అడుగుదురు. భక్తునకు ఆ ప్రశ్న సహజమే. సాహిత్యవిద్యార్థికి మాత్రము నాలుగు లోపములు కనబడును. మొదటిది, కర్త గుర్తు చెరగును. వచనములకు గ్రంథమున కర్త పేరు వేరుగా లేనప్పుడు అంకితమే సాక్ష్యము. హళకట్టి ఫకీరప్ప గురుబసప్ప ఊరూర తాళపత్రములు సేకరించి 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించిననాటి నుండి పరిశోధకులకు చేతిదీపమైనది అంకితమే. రెండవది, సంబోధింపబడినవాడు మారును. వచనము ఎవరితోనో పలికిన మాట; ఆ ‘ఎవరు’ అంకితములోనే ఉన్నాడు. మూడవది, స్థలము పోవును. నదులు కలియుచోటు, ఆ చోటితో బసవన్నకు గల అనుబంధము ఆ పేరుతోనే నిలిచియున్నవి. నాలుగవది, నడక చెడును. ‘కూడలసంగమదేవ’ యను మాటకు 11 మాత్రలు; ‘లింగదేవ’ యను మాటకు 6 మాత్రలు. వచనమునకు ఛందస్సు లేకున్నను చివరి విరుపు ఉన్నది. అది సగమునకు కుంగును.

ఇట్టి మార్పు పెద్ద గ్రంథములలోనే జరుగునని తలపవలదు. శుభలేఖపై అచ్చువేయునపుడు చోటు చాలలేదని అంకితమును విడుచుట, పాటకు వరుస కుదురలేదని దానిని కుదించుట, తెలుగు చేయునపుడు ‘ఓ దేవా’ యని సరిపెట్టుట – ఇవియు అట్టివే. మొవ్వ పదములోని మువ్వగోపాలుని తీసివేసి ‘గోపాల’ యని మాత్రము పాడినచో అది ఎవరి పదమో రేపటివారికి తెలియదు. వచనమును అనువదించువారు తక్కిన మాటలను ఎట్లు తెలుగు చేసినను అంకితమును ఉన్నదున్నట్లు ఉంచుట న్యాయము.

9. చదువు పద్ధతి

ఇంటిలో గాని మఠములో గాని వచనమును, పద్యమును, పదమును చదివినప్పుడు పిల్లలచేత ఐదు ప్రశ్నలు అడిగింపుడు. పలుకుచున్నది కవియా, కవి కల్పించిన పాత్రయా? ఎవరితో పలుకుచున్నారు? ఇది ఏ జాతి రచన – ద్విపదయా, రగడయా, సీసమా, పదమా, వచనమా? ముద్ర గాని మకుటము గాని ఎక్కడ ఉన్నది? ఆ పేరు ఏ ఊరిది, ఏ నేలది? ఈ ఐదింటికి సమాధానము దొరికిన తరువాతనే భావమును విచారింపవలెను. మొదటనే భావమునకు పరుగెత్తినవాడు తన భావమునే శరణుని భావమని భ్రమించును.

తన పేరు నిలుపుకొనుటకు మనుష్యుడు శిలలపై చెక్కించుకొనును. ఈ శరణులు, ఈ పదకర్తలు తమ పేరు మాని తాము నమ్మినవాని పేరును తమ మాటలో పొదిగిరి. ఎనిమిది శతాబ్దములు గడచినను ఆ పేరుతోనే వారిని గుర్తించుచున్నాము. వారు వేసిన గుర్తును చెదరనీయక తరువాతి తరమునకు అందించుట చదువుకొన్న ప్రతి కుటుంబమునకు విధి.

శరణు శరణార్థి.